పన్నెండో అధ్యాయం చూసి నేసిన గుడ్డ

నవల రాయడానికి ప్రేరణ ఎక్కణ్ణించి వస్తుందని అడిగేవాళ్లకు నేను ఒక సమయం చెబుతాను. పొద్దున ఆరు నుంచి ఏడున్నర. అది విని కొందరు నిరాశ పడతారు. వానో, వెన్నెలో, పాత బాధో చెబుతానని ఎదురుచూసి ఉంటారు. కానీ నా మూడు నవలలూ ఆ గంటన్నరలోనే వచ్చాయి. ఆ గంటన్నరలో నా ముందు ఏవేవి ఉండాలో కూడా నాకు కచ్చితంగా తెలుసు. వెనక వైపు ఖాళీగా ఉన్న పాత గ్రాఫ్ కాగితాలు, చెక్కిన పెన్సిళ్లు రెండు, ఒక రబ్బరు, నిన్న రాసిన చివరి పేజీ. ఇవి ఉంటే మనసు బాగున్నా రాస్తాను, బాగాలేకపోయినా రాస్తాను.

దీనికి చెప్పుకోదగ్గ మినహాయింపు ఒక్కటే ఉంది. మొదటి నవలలో పన్నెండో అధ్యాయం. ఒక ఆదివారం పొద్దున కూర్చుని, సాయంత్రానికి మొత్తం రాసి లేచాను. అందరూ చెప్పే ప్రేరణ అంటే ఇదే కాబోలు అనుకున్నాను. ఆ అధ్యాయం వల్ల ఒక మనిషి తన జీవితంలో కోరుకున్న ఒకే ఒక్క సీజన్‌ను పోగొట్టుకునేవాడు.

తొంభైల చివర్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే ధర్మవరంలో ఒక డిజైన్ షాపులో పనికి చేరాను. పట్టుచీర అంచులో కనిపించే హంసో, మామిడి పిందో ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా పుడుతుంది. ఎర్ర పెన్సిలుతో నింపిన గడి దగ్గర నిలువు పోగు లేస్తుంది, ఖాళీ గడి దగ్గర లేవదు. గ్రాఫ్‌లో ఒక్కో వరసకు ఒక్కో అట్ట. ఆ అట్టలకు రంధ్రాలు కొట్టి, దండలా కుట్టి, మగ్గం పైన ఉండే జకార్డుకు తగిలిస్తారు. గ్రాఫ్ గీయడం నా పని. ఒక గడి తప్పితే హంస మెడ విరుగుతుంది. అలాంటి పనిలో రెండేళ్లుంటే వాక్యాన్ని కూడా గడి గడిగా చూసే అలవాటు వస్తుంది. నాకు వచ్చింది. అది లోపమని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఉండేది ఒక నేతగాడి ఇంట్లో. ముందుగది నాకు అద్దెకిచ్చారు. నడిమింట్లో గుంట మగ్గం, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. ఆయన్ను మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, చేరిన నెలలోపే వరస అలా కుదిరిపోయింది. మామకు యాభై దాటి ఉంటాయి. మాట తక్కువ, ఎగతాళి ఎక్కువ. నేను పొద్దున్నే తలుపు వారగా వేసుకుని రాస్తుంటే, మగ్గం గుంటలోకి కాళ్లు దించుతూ రోజూ ఒకే ప్రశ్న వేసేవాడు.

“ఏమప్పా, ఈపొద్దు ఎంత నేసినావు?”

“నలభై వరసలు మామా.”

“నలభైయా? దాంతో చేతిగుడ్డ గూడా కాదే!”

నా నియమం అది. రోజుకు నలభై వరసలు. ముప్పై దగ్గర అలసిపోయినా నలభై, నలభై దగ్గర మంచి ఊపు మీదున్నా నలభై. ఊపు మీద ఆపేస్తే మరుసటి రోజు మొదలుపెట్టడానికి చేతిలో ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. నేతగాళ్లు కూడా నిలువు పోగుల్ని పూర్తిగా అయిపోనివ్వరు. మగ్గం మీద కొంచెం మిగిలి ఉండగానే కొత్త పోగుల్ని పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అంతా నేసేసి మగ్గాన్ని ఖాళీ చేస్తే వేల పోగుల్ని మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. రాసేవాడికి ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఇచ్చినవాళ్లు దాన్ని సలహా అనుకుని ఇవ్వలేదు.

నవల కూడా ఒక నేతగాడి గురించే. అతను ఇరవై ఏళ్లు ఇంకొకరి డిజైన్లు నేసి, ఒకసారి సొంత ఆలోచనతో ఒక చీర నేస్తాడు. ఇరవై అధ్యాయాలకు పట్టిక ముందే గీసుకున్నాను. పదకొండు అధ్యాయాలు అనుకున్న వారాలకే పూర్తయ్యాయి. పన్నెండు దగ్గర ఆగిపోయాను. అతను సొంత చీర నేయవలసింది అందులోనే. ఏం చీర? పట్టికలో ఆ గడిలో ‘కొత్త చీర’ అని రెండు మాటలు మాత్రం ఉన్నాయి. నేను గీసిన హంసలు, ఏనుగులు, గోపురాలు అన్నీ ఎవరో అడిగితే గీసినవి. కొత్తది ఒక్కటీ తట్టలేదు. మూడు వారాల పాటు పొద్దున్నే లేచి పెన్సిళ్లు చెక్కుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామ నడిమింట్లో దుప్పటి కట్టాడు.

మా వీధిలో ఎవరైనా కొత్త రకం నేస్తుంటే మగ్గానికీ వీధి తలుపుకూ నడుమ ఒక దుప్పటి కట్టేవాళ్లు. వచ్చినవాళ్లు వసారాలో కూర్చుని మాట్లాడి వెళ్లిపోతారు. దుప్పటి ఎందుకని అడగరు, అడగకపోవడమే మర్యాద. చీర దుకాణానికి చేరాక దాచేదేమీ ఉండదు. చెయ్యి తిరిగిన నేతగాడెవడైనా భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి అలాంటిదే దించేయగలడు. అందుకే మొదట నేసినవాడికి దక్కేది ఒక్క శ్రావణమాసం, ఆ పెళ్లిళ్ల సీజన్. ఆ నెలంతా అది అతని చీర. దుకాణాలవాళ్లు అతని గడప దగ్గరికొచ్చి అడుగుతారు. ఆ తర్వాత అది ఊరందరిదీ.

మామకు ఆ సంవత్సరం కావలసింది ఆ ఒక్క శ్రావణం. ముప్పై ఏళ్లుగా ఇంకొకరిచ్చిన అట్టలకు నేస్తూ వచ్చినవాడు. ఇది మాత్రం సొంతం. అందులో అట్టలతో పనే లేదు, కిటుకంతా అడ్డపోగుల్లో ఉంది. చీర ఒళ్లు తమలపాకు పచ్చ, కొంగు ఇటుక రంగు. మామూలుగా ఈ రెండూ కలిసే చోట గీత గీసినట్టు తెలిసిపోతుంది. మామ నేసినదాంట్లో గీత లేదు. పచ్చ ఎక్కడ అయిపోయిందో, ఇటుక ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం.

నా గదికి ఇంకో తలుపు నడిమింట్లోకే ఉంది కాబట్టి నేను దుప్పటికి లోపలి మనిషిని. ఒకరోజు అడిగాను.

“మామా, కూర్చోని చూడొచ్చునా?”

“చూడప్పా. చూస్తే పోగులేమన్నా తెగుతాయా?”

నాలుగు రోజులు చూశాను. షాపుకు వెళ్లేముందు కొంతసేపు, వచ్చాక వెలుతురున్నంతసేపు. చూసినది చూసినట్టు కాగితం మీద పెట్టాను. ఎనిమిది పచ్చ పోగులకు ఒక ఇటుక పోగు, అలా రెండు వేళ్ల వెడల్పు. తర్వాత ఏడుకు ఒకటి, అదీ రెండు వేళ్లే. తర్వాత ఆరుకు ఒకటి. అయిదుకు ఒకటి మాత్రం నాలుగు వేళ్లు. మళ్లీ నాలుగు, మూడు, రెండు, చివరికి ఒకటికి ఒకటి. అక్కణ్ణించి ఇటుక పెరుగుతూ, పచ్చ తరుగుతూ పోతుంది. ఈ లెక్క ఇప్పుడు ధర్మవరంలో చాలామందికి తెలుసు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, నేను మూడోవాణ్ణి.

ఆ వారం ఆదివారమే పన్నెండో అధ్యాయం రాశాను. నలభై వరసల నియమం మొదటిసారి తప్పింది. నా కథానాయకుడు మామ నేసినట్టే నేశాడు, వేళ్ల వెడల్పుతో సహా. ఒక్క పోగు కూడా ఊహించి రాయలేదు. చదువుకుంటే నాకే ఒళ్లు ఝల్లుమంది.

నవలను ఒక వారపత్రిక పోటీకి పంపాలని ఉద్దేశం. గడువు ఆషాఢం చివర్లో. పంపేముందు ఎవరిచేతనైనా చదివించాలి. నాకు తెలిసిన గట్టి పాఠకుడు ఒక్కడే, డిప్లొమాలో నా బెంచివాడు. హిందూపురంలో జకార్డు అట్టలు కొట్టే షాపు పెట్టుకున్నాడు. వెనక గదిలో, నమూనాలు నేసి చూసుకోవడానికి ఒక చిన్న మగ్గం కూడా ఉంది. అద్దె పుస్తకాల షాపులో నవలలన్నీ నమిలేసిన మనిషి. పన్నెండు అధ్యాయాలూ అతనికి ఇచ్చాను. రెండు వారాల తర్వాత, ఆదివారం వెళ్లాను.

“వచ్చినావా? కూర్చోవద్దు, ముందు ఇది చూడు,” అంటూ బల్ల సొరుగులోంచి దినపత్రికలో చుట్టిన గుడ్డముక్క తీశాడు. రెండు మూరల పొడవు ఉంటుంది. ఒక కొస పచ్చ, ఒక కొస ఇటుక. నడుమ గీత లేదు.

“పచ్చ రవ్వంత ముదురు పడింది. తమలపాకు అని రాసినావు, ఏ తమలపాకో రాయలే. తక్కిందంతా నీ పుస్తకంలో ఉండేదే. ఎనిమిదికొకటి, ఏడుకొకటి, అయిదు కాడ నాలుగు వేళ్లు. ఒక పక్క కాగితాలు పెట్టుకోని చదువుతా చదువుతా నేసేసినా రా!”

“నవల ఎట్లుండాది?”

“గుడ్డ చేతిలో పెట్టుకోని అడుగుతాండావు చూడు! మొదటి పదకొండూ సాగదీసినావులే. ఆ పిల్లోడు బస్టాండులో నిలబడే దానికే ఏడు పేజీలు. ఈ పన్నెండోది మాత్రం సుమ్నే ఊరికే చదివేది కాదు, పని చేస్తాది.”

ఆ క్షణంలో నాకు కలిగినది సంతోషం. మామ గుర్తే రాలేదు. చదివి ఏడ్చారనో, నవ్వారనో రాసేవాళ్లు చెప్పుకుంటారు. చదివి గుడ్డ నేశారని ఎవరు చెప్పుకోగలరు? ఆ ముక్కను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి, రెండు వైపులా తిప్పి చూసుకున్నాను.

“శుక్రవారం బెంగళూరు షావుకారు వస్తాండాడు, చూపిస్తా,” అన్నాడు స్నేహితుడు. “నచ్చిందంటే శ్రావణానికి ముందరే ఒక ఇరవై దింపుదాం. నీకు దుడ్లు ఏమీ ఇయ్యను గానీ మీ అమ్మకు ఒక చీర ఇస్తాలే.”

నవ్వాను. టీ తాగి, కాగితాలు, గుడ్డ అతని దగ్గరే వదిలేసి రైలెక్కాను.

పెనుకొండలో దిగి ఇంటికి వెళ్లాను. నాయన రైల్వేలో కీమ్యాన్. రోజూ సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, సడలిన కీలను కొట్టి బిగించడం ఆయన పని. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు.

“నాయనా, నేను రాసింది చదివి ఒకడు గుడ్డ నేసినాడు.”

“ఏం గుడ్డ?”

చెప్పాను. చివరిదాకా విన్నాడు.

“మీ ఇంటాయన దుప్పటి కట్టుకోని నేస్తాండాడని పోయిన తూరి చెప్పినావే, అదేనా?”

“అదే.”

“ఆయప్ప నిన్ను చూడమన్నాడా, చెప్పమన్నాడా?”

“చూడమన్నాడు.”

నాయన రెండో బూటు విప్పి మొదటిదాని పక్కన సరిగ్గా పెట్టాడు. “రేపు మొదటి బండికి పో,” అన్నాడు. అంతే. సడలిన కీ దగ్గర ఆగడమే ఆయనకు తెలుసు, ఎవరు సడలించారని ఆరా తీయడు. నా సంతోషం ఆ అరుగు మీదే అయిపోయింది.

మరునాడు పొద్దున పెనుకొండ స్టేషనులో నిలబడి రెండు దారులు ఆలోచించాను. ఒకటి, హిందూపురం పోయి గుడ్డముక్క తెచ్చుకుంటే మామకు చెప్పే అవసరమే ఉండదు. రెండు, ముందు మామకు చెప్పాలి. ధర్మవరం బండి ముందొచ్చింది. అది ముందొచ్చినందుకే ఎక్కానని రాస్తే సరి కాదు. రెండో బండి వచ్చేదాకా ఆగడానికి నాకు కావలసినంత సమయం ఉంది. అయినా ఎక్కాను.

ఇంటికి వెళ్లేసరికి మామ మగ్గం గుంటలో ఉన్నాడు. నిలబడే చెప్పాను, వరసగా. చూసింది, రాసింది, చదవమని ఇచ్చింది, అతను నేసింది, శుక్రవారం షావుకారు రావడం. అడ్డపోగు మోసే నాడె మధ్యలో ఆగిపోయింది. అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నెల పైనుంచి కట్టుకున్న దుప్పటి,” అన్నాడు మామ, “నాలుగు కాగితాలతో ఇప్పేసినావే!”

“అవును మామా.”

“కత రాస్తాండా అంటివి గదప్పా,” అంది అత్త. “కతలో ఇయ్యన్నీ ఏంటికి? మొగుడూ పెండ్లాం కొట్లాడేది రాసుకుంటాండావేమో అనుకుంటిమి.”

“చదువు,” అన్నాడు మామ.

“ఏది మామా?”

“అదే, ఊరంతా నేసుకునేది. నేను గూడా వినల్ల గదా.”

నా గదిలో ఉన్న చిత్తుప్రతి తెచ్చి చదివాను. నా జీవితంలో అంత మెల్లగా ఏదీ చదవలేదు. అయిదు దగ్గరికి రాగానే మామ చెయ్యెత్తాడు.

“ఆడ ఆగు. నాలుగు వేళ్లు అని రాసినావు. ఎందుకు నాలుగో రాసినావా?”

“లేదు.”

“నీకు తెలుసునా?”

తెలియదు. నాలుగు రోజులు పక్కనే కూర్చుని ఎన్ని అని లెక్కపెట్టాను. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

“చూపించు ఈ ఇంజనీరుకు,” అన్నాడు మామ అత్తతో.

అత్త పెట్టెలోంచి రెండు కొంగు ముక్కలు తీసింది. మొదటిది భుజం మీద వేసుకుని పెరట్లోకి, ఎండలోకి వెళ్లి వెనక్కి తిరిగింది. భుజం మీద మడత పడే చోట సన్నగా, కొట్టినట్టు ఒక గీత కనిపించింది. ముక్కను చేతిలో పరిచి చూపిస్తే గీత లేదు. భుజం మీద వేసుకుంటే ఉంది.

“రంగు ఆడ బిరీన మారిపోతే మడతలో ఇట్ల తేలుతాది,” అంది. “మగ్గం మీద చూస్తే తెలీదు. నేను చెప్తే ఈ మనిషి నమ్మితేగా! నాలుగు తూర్లు నడిపించినాడు నన్ను, పెరట్లోకి, ఇంట్లోకి.”

“అయిదు,” అన్నాడు మామ గుంటలోంచి.

“అయిదో తూరి నేను నీళ్లు తాగేకి పోయినా.”

రెండో ముక్క వేసుకుంది. అయిదుకు ఒకటి చొప్పున నాలుగు వేళ్లు నేసిన ముక్క అది. ఎండలో ఎటు తిరిగినా గీత లేదు.

మామ నాడె చేతిలోకి తీసుకున్నాడు.

“రాయొద్దని నేను చెప్పను. చూడమన్నోణ్ణి నేనే. ఆ గుడ్డ మాత్రం శుక్రవారం లోపల ఈడికి రావల్ల. ఈ ఒక్క శ్రావణం నాకు కావల్లప్పా. మల్ల ఎవురేం చేసుకున్నా నేను అడగను.”

“నన్ను గది ఖాళీ చెయ్యమంటావా మామా?”

“ఖాళీ చేసి యాడికి పోతావు? ఇంగో ఇంట్లో దుప్పటి ఇప్పేకా? ముందు గుడ్డ తే పో.”

మరునాడు షాపుకు సెలవు పెట్టి హిందూపురం వెళ్లాను. చెప్పగానే స్నేహితుడు ఒప్పుకోలేదు.

“రాసింది నువ్వు, నేసింది నేను. ఆయప్ప యాడుండాడు రా దీంట్లో? ఈ కాగితాల్లో ఒక్క చోటన్నా ఉండాడా?”

“లేడు. తప్పు అదే, నాది.”

“నువ్వు ఊహించి రాసినావనుకున్నా. కత అంటే అంతే గదా?”

“ఊహించలేదు. ఆయన నేస్తుంటే దుప్పటికి లోపల కూర్చోని రాసుకున్నా.”

అతను చేస్తున్న పని ఆపాడు. అతనూ ఆ వ్యాపారంలో పుట్టి పెరిగినవాడే.

“లోపల కూర్చోనా?” అన్నాడు మెల్లగా. “నీ యవ్వ, ఈ మాట మొన్ననే చెప్పుంటే నాడె తీసేవాణ్ణే కాదు గదరా!” సొరుగు లాగి, గుడ్డముక్క, కాగితాలు నా ఒళ్లో పడేశాడు. “తీస్కపో. మరి నా తలకాయలో ఉండేది ఎట్ల తీస్కపోతావు?”

“అది నీ దగ్గరే పెట్టుకో, శ్రావణం దాటేదాకా.”

“షావుకారుకు ఏం చూపియ్యల్ల?”

“నేను గీసిన హంసలు ఉండాయి గదా.”

“నీ హంసలు ఎవురికి కావల్లప్పా! మెడలు చూస్తే బాతుల మాదిరి ఉంటాయి.”

ప్రమాణాలేవీ చేయలేదు. మాట మాత్రం ఇచ్చాడు. గుడ్డముక్కను ఆ సాయంత్రమే మామ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, “చెయ్యి మంచిదే వానిది,” అన్నాడు.

ఇక మిగిలింది నా పన్నెండో అధ్యాయం. గడువుకు ఐదు వారాలు. ఉన్నది ఉన్నట్టు పంపకూడదు. మొదట తోచిన ఉపాయం లెక్క మార్చడం. ఎనిమిదికి బదులు పది, నాలుగు వేళ్లకు బదులు మూడు. రాసి చూసుకున్నాను. నాకు నిద్ర పట్టలేదు. ఆ లెక్కతో నేస్తే నా కథానాయకుడి చీరలో గీత తేలుతుంది. పాఠకులెవరికీ తెలియదు, నాకు తెలుసు. ఇరవై ఏళ్లు కష్టపడిన మనిషి చేత చెడిపోయిన చీర నేయించలేను. నిజమైన లెక్క రాయకూడదు, తప్పు లెక్క రాయలేను. గ్రాఫ్ గీసేవాడికి తప్ప ఇంకొకరికి ఇలాంటి చిక్కు వస్తుందని నేను అనుకోను.

అలా వారం పోయింది. ఎనిమిదో రోజు పొద్దున ఆరింటికి అంకెలన్నీ పక్కనపెట్టి, ఒక ఆడమనిషి భుజం మీద మగ్గం మీంచి అప్పుడే కోసిన కొంగు ముక్క వేసుకుని ఎండలోకి నడవడంతో మొదలుపెట్టాను. ఆమె వెళ్తుంది, వస్తుంది. గుమ్మంలో అతను నిలబడి ఉంటాడు. గీత ఉందంటుంది ఆమె, లేదంటాడు అతను. మళ్లీ నడుస్తుంది. మగ్గం అధ్యాయంలో ఎక్కడో వెనక ఉండిపోయింది. రోజుకు నలభై వరసల చొప్పున తొమ్మిది పొద్దుల్లో పూర్తయింది. ఒక్క రోజు కూడా ఒళ్లు ఝల్లుమనలేదు. కానీ తొమ్మిదో రోజు చదువుకున్నప్పుడు, అది నిలబడుతుందని స్పష్టంగా తెలిసింది. తక్కిన ఎనిమిది అధ్యాయాలకు పట్టిక ఉంది కాబట్టి పొద్దునా సాయంత్రమూ కూర్చుని గడువులోపల ముగించాను. అవి కొంచెం తొందరగానే రాశానని ఇప్పుడు చదివితే తెలుస్తుంది.

పంపేముందు ఆ అధ్యాయాన్ని నడిమింట్లో కూర్చుని చదివాను. అత్త బియ్యం ఏరుతూ వింది.

“దీన్ని చదివి ఎవురూ నేయలేరు,” అన్నాడు మామ అంతా విన్నాక.

“లేరు మామా.”

“అయితే బాగుండాది.”

“ఆ యమ్మను ఎండలో అంతసేపు నిలబెట్టినావు, ఒక్క మాటన్నా పొగడలే వాడు,” అంది అత్త.

“కతలో గదా,” అన్నాను.

“కతలోనన్నా పొగడొచ్చు గదా!”

పొగడ్త ఒక వాక్యం చేర్చాను. దాన్ని ఆమెకు చదివి వినిపించాకే కవరు అంటించాను. బహుమతి రాలేదు. సాధారణ ప్రచురణకు తీసుకున్నామని కార్డు వచ్చింది, మరుసటి సంవత్సరం సీరియల్‌గా వచ్చింది.

ప్రేరణ మీద నా అభిప్రాయం ఆ వేసవిలో స్థిరపడింది, మళ్లీ మారలేదు. నేను ప్రేరణ అనుకున్నది ఇంకొకరి ముప్పై ఏళ్ల చేతిపని. అది నా ఒక్క ఆదివారంలోకి అంత తేలిగ్గా వచ్చిందంటే బరువు ముందే ఎవరో మోసి ఉన్నారు. ఇప్పుడు ఏదైనా పేజీ మరీ తేలిగ్గా వస్తే పెన్సిలు పక్కన పెట్టి, ఇది ఎవరిదని చూసుకుంటాను. ఎవరిదైనా అయితే, గది దాటించేముందు వాళ్లకు చదివి వినిపిస్తాను. రెండో నవలకు తాడిమర్రి దగ్గర ఒక బోరుబావులు తవ్వే మేస్త్రీకి మూడు అధ్యాయాలు చదివాను. రెండు పేజీలు తీసెయ్యమన్నాడు, తీసేశాను. నవలకు నష్టం జరగలేదు. ఇంతవరకు ఎప్పుడూ జరగలేదు.

ఆ శ్రావణం దగ్గర పడేకొద్దీ నేను మాత్రం స్థిమితంగా లేను. హిందూపురం వెళ్లినప్పుడల్లా చీరల దుకాణాల అద్దాల ముందు ఆగి ఒక్కొక్క కొంగూ చూసేవాణ్ణి. పచ్చ నుంచి ఇటుకలోకి మారేది ఎక్కడా కనిపించలేదు. స్నేహితుడు ఆ ఊసే ఎత్తలేదు.

మామ ఏడు చీరలు నేశాడు. మొదటి శుక్రవారానికి ధర్మవరంలో ఒకే దుకాణానికి ఇచ్చాడు. రెండో శుక్రవారానికి ఆ దుకాణం మనిషి మా ఇంటి వసారాలో కూర్చుని ఇంకా ఉన్నాయా అని అడిగాడు. పక్క దుకాణంవాడు కూడా వచ్చాడు. అత్త ఇద్దరికీ కాఫీ ఇచ్చి, ఉన్నవి అవేనంది. ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించింది. వినిపించాలనే అంది.

చివరి శుక్రవారం మామ నన్ను టీకి పిలిచాడు. దుకాణానికి ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చున్నాం. లోపల ఏడో చీర పరిచి ఉంది. కొత్తచెరువు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. పెద్దావిడ ఒకామె రెండు రంగులు కలిసే చోటు కోసం వేలితో వెతికింది. ఆమెకు దొరకలేదు. మడతపెట్టించి, సంచిలో వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయారు.

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. “ఇంగ అయిపోయింది.”

“ఇంకో పది నేయొచ్చు గదా మామా?”

“నేస్తా. అందురూ నేస్తారు. ఈ నెల నాది గదా, అది చాలు.” టీ డబ్బులు తీసి బల్ల మీద పెట్టాడు. “హిందూపురంలో ఆ పిల్లోనికి ఒక కార్డు రాయి. ఇంగ నేసుకోమని.”

పక్కనే ఉన్న పోస్టాఫీసులో కార్డు కొని, టీకొట్టు బల్ల మీదే రాశాను. మామ నేసుకోమన్నాడని, పచ్చ ఆ తూరి కంటే లేతగా వేసుకోమన్నాడని. మామకు ఇచ్చాను. కళ్లకు దూరంగా పట్టుకుని చదివి, తిరిగి నా చేతికిచ్చాడు.

“అయిదు కాడ ఎందుకు నాలుగు వేళ్లో గూడా రాయి. తెలీకుంటే వేరే రంగులు వేసినప్పుడు తప్పు నేస్తాడు.”

కార్డులో చోటు లేదు. అంచు వెంబడి నిలువుగా, వీలైనంత చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. మామ పక్కనుంచి ఒక్కో మాటా చెబుతున్నాడు.